‘‘అమ్మా, నాకేమైనా పిచ్చా?’’ అని అడుగుతున్నాడు

గుంటూరు వైపు ఒక పట్టణం నుంచి ఒక అమ్మ రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. భర్తకు ఎరువుల షాపు ఉంది. అమ్మాయి బీటెక్ చివరి సంవత్సరంలో ఉంది, సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ఆమె బాధంతా అబ్బాయి గురించి. వాడికి పన్నెండేళ్ళు, ఏడో తరగతి. నాలుగో తరగతి దాకా పల్లెలో నాయనమ్మ దగ్గర ఉండి గవర్నమెంటు బడిలో తెలుగు మీడియం చదివాడు. ఐదు నుంచి టౌన్లో ప్రైవేటు స్కూలు, ఇంగ్లీషు మీడియం.

వాడు మాటకారి. షాపులో కూర్చుంటే ఏ బస్తా ఎంతో, ఏ రైతు ఎంత బాకీయో పుస్తకం చూడకుండా చెబుతాడు. మిక్సీ ఆగిపోతే విప్పి బాగు చేశాడు. చదవమంటే మాత్రం మొదటి అక్షరం చూసి మిగతా మాట ఊహించి చెప్పేస్తాడు. బోర్డు మీద ఉన్నది సగం ఎక్కించుకునేసరికి టీచరు చెరిపేస్తారు. హోంవర్కుకు మూడు గంటలు పడుతుంది, చివరికి ఏడుపే. రెండు ట్యూషన్లు మార్చారు. పోయిన ఏడాది టీచరు డైరీలో ‘బద్ధకం ఎక్కువ’ అని రాశారు. ఈ ఏడాది దసరా సెలవుల తర్వాత నుంచి స్కూలు ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. ఆదివారం ఏ నొప్పీ ఉండదు.

ఇప్పుడున్న క్లాస్ టీచరు ఒక చీటీ పంపారు: ‘బాబుకు సైకలాజికల్ అసెస్‌మెంట్ చేయిస్తే మంచిది.’ అంతే, ఒక్క వాక్యం. దాంతో ఇంట్లో గొడవ మొదలైంది. ‘‘నా కొడుక్కి పిచ్చి అని డబ్బులిచ్చి కాగితం తెచ్చుకోవాలా? రేపు అమ్మాయి పెళ్ళికి అడ్డం రాదా?’’ అన్నారు భర్త. ‘‘వీళ్ళ నాన్న కూడా ఇంతే, తొమ్మిదిలో తప్పాడు. ఇప్పుడు షాపు నడపట్లేదా?’’ అన్నారు అత్తగారు. మరిది ఎవరో చెప్పారని వేలిముద్రలతో మెదడును చదివే పరీక్షకు తీసుకెళ్ళి ఆరు వేలు కట్టి రంగురంగుల రిపోర్టు తెచ్చాడు. అందులో వాడు ఐఏఎస్‌కు పనికొస్తాడని ఉంది. ఈ మాటలన్నీ పక్కగదిలోంచి విన్న పిల్లాడు రాత్రి పడుకునే ముందు, ‘‘అమ్మా, నాకేమైనా పిచ్చా?’’ అని అడిగాడు. ‘‘నోర్మూసుకుని పడుకో అన్నాను. తెల్లవార్లూ నాకు నిద్రలేదు’’ అని రాశారు.

ఆమె అడుగుతున్నవి ఇవి. ఈ పరీక్షలు చేయించాలా, వద్దా? భర్తకు చెప్పకుండా తీసుకెళ్ళవచ్చా? ఆ కాగితం వాడిని జీవితాంతం వెంటాడుతుందా? వాడేమో రానంటున్నాడు. ఎలా ఒప్పించాలి?

మీ ఉత్తరం, దానితో పంపిన నోటుపుస్తకాల ఫొటోలు రెండూ జాగ్రత్తగా చూశానమ్మా.

ముందు మీ అబ్బాయి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పండి. మిగతావి వారం ఆగినా ఫరవాలేదు, ఇది ఆగకూడదు. ఆ రాత్రి మీరు కసిరారని వాడు ఆ ప్రశ్న మర్చిపోయి ఉండడు. అమ్మ కూడా చెప్పలేకపోయిందంటే నిజమేనేమో అనుకుని ఉంటాడు. భోజనాలయ్యాక, వీలైతే మీ వారు కూడా పక్కన ఉన్నప్పుడు, ఇలాంటి మాట చెప్పండి: ‘‘నీకు పిచ్చి లేదు. నీ బుర్ర ఎలా పనిచేస్తుందో షాపులో రోజూ చూస్తున్నాం. చదవడం, రాయడం మాత్రం నీకు ఎందుకింత కష్టమవుతోందో మాకు అర్థం కావట్లేదు. తెలిసినవాళ్ళను అడుగుదాం అనుకుంటున్నాం. నీతో చెప్పకుండా ఎక్కడికీ తీసుకెళ్ళం.’’ ఇంతకంటే పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ‘సైకాలజిస్టు దగ్గరికి పిచ్చివాళ్ళే వెళతారు’ అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూడండి. రేపు వాడికి నిజంగా దిగులో భయమో వస్తే మీతో చెప్పుకోవడానికి జంకుతాడు.

ఇక నోటుపుస్తకాలు. తెలుగు పుస్తకంలో ‘విద్యార్థి’ అన్న మాట ఒకే పేజీలో ఒకచోట ‘విద్యాతి’, ఇంకోచోట ‘విధ్యార్ది’, మూడోచోట ‘విద్యర్థి’ అని ఉంది. బద్ధకం ఉన్నవాడు ఒకే మాటను మూడు రకాలుగా రాయడానికి కష్టపడడు. ప్రతిసారీ ఆ మాటను కొత్తగా కూడబలుక్కుంటున్నవాడే అలా రాస్తాడు. ఒత్తులు సగం చోట్ల లేవు. లెక్కల పుస్తకంలో ఇంకోటి చూశాను. 63ను బోర్డు మీంచి 36గా ఎక్కించుకున్నాడు, ఆ 36తో లెక్క మాత్రం తప్పు లేకుండా చేశాడు. టీచరు మొత్తానికి సున్నా వేశారు. వాడికి లెక్క వచ్చన్న సంగతి ఆ సున్నాలో ఎక్కడా కనిపించదు.

ఇవి చూడగానే చాలామంది ‘డిస్‌లెక్సియా’ అనేస్తారు, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది. ఫొటోలు చూసి నేనా మాట అనను, ఎవరూ అనకూడదు. ఇలాగే కనిపించే కారణాలు చాలా ఉన్నాయి. చూపు సరిగా లేకపోతే బోర్డు మీంచి తప్పుగానే ఎక్కించుకుంటాడు. చెవి సరిగా వినపడకపోతే దకు, ధకు తేడా తెలియకపోవచ్చు. నాలుగో తరగతి దాకా తెలుగులో చదివి ఒక్కసారిగా అన్నీ ఇంగ్లీషులో చదవాల్సి వచ్చిన పిల్లలు రెండు భాషల్లోనూ వెనకబడటం మనం చూస్తూనే ఉన్నాం. అది లోపం కాదు, మధ్యలో ఎవరూ వంతెన వేయకపోవడం. శ్రద్ధ నిలపడంలో ఇబ్బంది ఉన్న పిల్లలూ ఇలాగే అక్షరాలు వదిలేస్తారు. స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తుంటే, కొడుతుంటే, ఆ భయంలోనూ చదువు కుంటుపడుతుంది. వీటిలో ఒకటే ఉండొచ్చు, రెండు మూడు కలిసీ ఉండొచ్చు. ఏది ఎంత అని విడదీసి చూడటానికే అసెస్‌మెంట్.

ఒక్క గుర్తు మాత్రం గట్టిగా చెబుతాను. వాడి ఇబ్బంది ఇంగ్లీషులోనే ఉంటే మీడియం మారడం వల్ల అనుకోవచ్చు. రెండేళ్ళు మంచి సాయం దొరికితే సర్దుకుంటుంది. కానీ పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న తెలుగులో, నాలుగేళ్ళు బడిలో నేర్చుకున్న గుణింతాల్లో, ఒత్తుల్లో కూడా ఇంత తడబాటు ఉందంటే పరీక్ష చేసి చూడాల్సిందే. పల్లెలో వాడు రెండు, మూడు తరగతుల్లో రాసిన పుస్తకాలు మీ అత్తగారి దగ్గర ఉంటే తెప్పించి దాచండి. పరీక్ష చేసేవారికి అవి బాగా ఉపయోగపడతాయి.

అసెస్‌మెంట్ అంటే మీ ఇంట్లో అందరి మనసులో ఒక్కో బొమ్మ ఉన్నట్టుంది. అక్కడ జరిగేది చెబుతాను. సూదులు, స్కానింగులు, తలకు తగిలించే వైర్లు ఏమీ ఉండవు. మొదట మీ ఇద్దరితో మాట్లాడతారు. కాన్పు ఎలా జరిగింది, ఎప్పుడు నడిచాడు, ఎప్పుడు మాటలొచ్చాయి, ఫిట్స్ వచ్చాయా, తలకు దెబ్బలు తగిలాయా, కుటుంబంలో ఇంకెవరికైనా చదువు ఇలాగే కష్టమైందా అని అడుగుతారు. తర్వాత పిల్లాడితో విడిగా కూర్చుంటారు. తెలివితేటల పరీక్షలో ప్రశ్నలకు నోటితో జవాబులు, అంకెలు విని తిరిగి చెప్పడం, చెక్క ముక్కలతో నమూనా కట్టడం, బొమ్మలో లోపించినదేదో కనిపెట్టడం లాంటివి ఉంటాయి. మన దగ్గర ఎక్కువగా వాడేవి బినె-కామత్ పరీక్ష, భారతీయ పిల్లల కోసం మాలిన్ తయారుచేసిన మిసిక్, కొన్నిచోట్ల వెక్స్‌లర్ పరీక్ష. చదువు సంగతి చూడటానికి బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ తయారుచేసిన పరీక్షల సముదాయం ఉంది. శ్రద్ధ, చదవడం, స్పెల్లింగు, చదివింది అర్థం చేసుకోవడం, లెక్కలు, చూసి గీయడం, జ్ఞాపకం అన్నీ అందులో విడివిడిగా చూస్తారు. అది 12 ఏళ్ళ వరకు పిల్లల కోసం చేసినది, కాబట్టి మీవాడి వయసుకు ఇంకా సరిపోతుంది. ప్రవర్తన, మూడ్ గురించి మీకొకటి, టీచరుకొకటి ప్రశ్నల ఫారాలిస్తారు. ఇదంతా ఒక్క కూర్చోడంలో అవదు. రెండు మూడుసార్లు వెళ్ళాల్సి వస్తుంది. అరగంటలో ముగించి చేతిలో కాగితం పెట్టే చోట ఆగకండి.

ఐక్యూ, అంటే తెలివితేటల పరీక్షలో వచ్చే అంకె గురించి మీ వారికి ఎక్కువ భయం ఉన్నట్టుంది. ఈ పరీక్షలకు మూలం 1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినె, తియొడోర్ సిమోన్ చేసిన పని. మామూలు పద్ధతిలో చదువు రాని పిల్లలను గుర్తించి వాళ్ళకు తగిన బోధన ఇవ్వాలని మొదలైన పని అది. తెలివిని ఒక్క అంకెలో బిగించేయకూడదని బినె స్వయంగా అనుకున్నాడు. తర్వాత ఆ అంకెను జనం ఎలా వాడారన్నది వేరే కథ, చాలా బాధ కలిగించే కథ. మీకు కావాల్సింది ఇది: సగటు 100. 90 నుంచి 109 మధ్య వస్తే సగటు అంటారు. ఆ రోజు ఆకలి, భయం, భాష అర్థం కాకపోవడం, వీటిలో ఏది ఉన్నా అంకె అటూ ఇటూ అవుతుంది. కాబట్టి మొత్తం అంకె కంటే లోపలి విభాగాల్లో దేనిలో ఎంత వచ్చిందో చూడాలి. మీవాడిలాంటి పిల్లలకు నోటి జవాబుల్లో, చెక్క ముక్కల్లో బాగా వచ్చి, వేగంగా చూసి రాసే విభాగాల్లో పడిపోవడం ఉంటుంది. అలా వస్తే స్కూలుకు చెప్పడానికి మీ దగ్గర ఆధారం ఉన్నట్టే.

ఇంగ్లీషులో పరీక్ష పెట్టి వచ్చిన మార్కును తెలివి అనుకునే ప్రమాదం మనవైపు ఎక్కువ. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి: ‘‘మా అబ్బాయి నాలుగో తరగతి దాకా తెలుగు మీడియం. సూచనలు తెలుగులో ఇస్తారా? తెలుగు చదవడం, రాయడం కూడా చూస్తారా?’’ చూడం అంటే ఇంకొకరిని వెతకండి. ఈ ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడొద్దు.

టీచరు చీటీలో ఒక్క వాక్యమే ఉందని బాధపడ్డారు. అలా రాయడానికి కూడా టీచర్లు భయపడతారు, తల్లిదండ్రులు గొడవకొస్తారని. అయినా రాశారంటే ఆవిడ వాడిని గమనించారు. పోయిన ఏడాది ‘బద్ధకం’ అని రాసినవారితో పోలిస్తే ఈవిడ మీ అబ్బాయికి మేలు చేశారని నా అభిప్రాయం. కానీ ఆ చీటీలో ప్రశ్న లేదు. ప్రశ్న లేకుండా వెళితే వాళ్ళ దగ్గరున్న పరీక్షలన్నీ పెట్టి పది పేజీల రిపోర్టు ఇస్తారు, అందులో మీకు కావాల్సింది దొరకదు. అందుకే ఆవిడను కలిసి, ఏం చూసి రాశారో అడగండి. ఏ పీరియడ్‌లో ఎక్కువ ఇబ్బంది, నోటితో అడిగితే చెబుతాడా, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడా, ఇంటర్వెల్‌లో ఎవరితో ఉంటాడు అని అడగండి. తర్వాత మీరు ఒక కాగితం మీద మీ ప్రశ్నలు రాసుకోండి. నేనైతే మూడు రాస్తాను. నోటితో ఇంత చెప్పగలిగినవాడు రాయలేకపోవడానికి కారణం ఏమిటి? కడుపునొప్పికి స్కూలు భయమే కారణమా, ఇంకేమైనా ఉందా? వచ్చే మూడు నెలల్లో ఇంట్లో, స్కూల్లో ఏం మార్చాలి? రిపోర్టు చేతికొచ్చాక ఈ మూడింటికీ జవాబు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే మళ్ళీ వెళ్ళి అడిగే హక్కు మీకుంది.

వేలిముద్రల రిపోర్టును పక్కన పెట్టేయండి. వేలి మీద గీతలకు, పిల్లాడి తెలివికి, చదువుకు సంబంధం ఉందని చూపే శాస్త్రీయ ఆధారం లేదు. దేశంలో మానసిక వైద్యుల సంఘం కూడా ఈ మాట బహిరంగంగానే చెప్పింది. మీ మరిది మంచి మనసుతోనే తీసుకెళ్ళాడు, ఆయన్ను తప్పుపట్టకండి. కానీ ‘ఐఏఎస్‌కు పనికొస్తాడు’ అన్న మాట ఇంట్లో గోడకు అంటించినట్టు ఉండిపోతే, రేపు వాడు ఒక పేజీ చదవలేనప్పుడు ‘అంత తెలివి పెట్టుకుని కావాలనే చేయట్లేదు’ అన్న తిట్టుగా మారుతుంది. నాకు దానిమీద కోపం ఆరువేల కోసం కాదు, ఇందుకోసం.

మీ వారి గురించి మీరు రాసింది చదివితే ఆయన మొండితనం కంటే భయం ఎక్కువ కనిపించింది. మీ అత్తగారు ‘వాళ్ళ నాన్న కూడా ఇంతే’ అని తేలిగ్గా అన్న మాట ఈ ఉత్తరంలో ముఖ్యమైన మాటల్లో ఒకటి. చదవడం, రాయడంలో ఇలాంటి ఇబ్బంది కుటుంబాల్లో తరం నుంచి తరానికి రావడం బాగా తెలిసిన విషయం. తొమ్మిదిలో తప్పినప్పుడు ఆయనకు క్లాసులో ఎన్ని మాటలు పడ్డాయో, ఎన్నిసార్లు బెంచీ ఎక్కారో మనకు తెలియదు. కొడుకుకు పరీక్ష అంటే ఆయనకు తన చిన్నప్పటి సంగతి మళ్ళీ తవ్వుతున్నట్టు ఉండొచ్చు. ‘‘మీ పోలికే వచ్చింది’’ అని మాత్రం అనకండి, ఆ తలుపు మూసుకుపోతుంది. ఏకాంతంగా ఉన్నప్పుడు, ‘‘మీకు చదువుకునేటప్పుడు ఎలా ఉండేదండీ?’’ అని అడగండి. అడిగి ఊరుకోండి. ఆయన చెప్పే కథ ఏదైనా అది కొడుకుకు పనికొస్తుంది. ‘నాకూ అలాగే ఉండేదిరా’ అని నాన్న నోటి నుంచి వింటే వాడికి సగం భారం దిగుతుంది.

చెప్పకుండా తీసుకెళ్ళాలా అని అడిగారు. తీసుకెళ్ళవచ్చు, మీరూ తల్లే. కానీ తర్వాత ఏమవుతుందో ఆలోచించండి. పిల్లాడికి ‘నాన్నకు చెప్పకు’ అని చెప్పాలి. అంటే ఇది సిగ్గుపడాల్సిన పని అని మీరే నేర్పినట్టు. రిపోర్టు వచ్చాక స్కూలుతో మాట్లాడటం, రోజూ వాడితో కూర్చోవడం ఒక్కరే చేయాలి. బయటపడిన రోజున గొడవంతా మీ రహస్యం చుట్టూ తిరుగుతుంది, పిల్లాడి చదువు పక్కకు పోతుంది. అందుకని నేనైతే ఆయన కాదనలేని పనులతో మొదలుపెట్టమంటాను. కళ్ళ డాక్టరుకు చూపించండి. చెవి పరీక్ష చేయించండి. కడుపునొప్పికి పిల్లల డాక్టరును కలవండి. ఈ మూడింటికి ఏ ఇంట్లోనూ అభ్యంతరం ఉండదు, పైగా ఏ అసెస్‌మెంటుకైనా ముందు ఇవి చేయాల్సినవే. అన్నీ బాగానే ఉన్నాయని తేలితే ఆ పిల్లల డాక్టరు చేతే తదుపరి మాట చెప్పించండి. మీరు చెబితే వాదన అవుతుంది, డాక్టరు చెబితే సలహా అవుతుంది. అప్పటికీ వద్దంటే, మీ వారు ఒక్కరే పిల్లాడు లేకుండా వెళ్ళి సైకాలజిస్టుతో మాట్లాడి రావచ్చని చెప్పండి. చాలామంది నాన్నలు ఆ ఒక్క భేటీతో మెత్తబడతారు. ఇదంతా చేసినా కదలకపోతే, పిల్లాడి పరిస్థితి దిగజారుతుంటే, అప్పుడు ‘‘నేను తీసుకెళుతున్నాను’’ అని ముఖం మీద చెప్పి వెళ్ళండి. చెప్పి వెళ్ళడానికి, దాచి వెళ్ళడానికి చాలా తేడా ఉంది.

కాగితం వెంటాడుతుందా అన్నదానికి వస్తాను. ఇక్కడ రెండు వేరువేరు కాగితాలున్నాయి, చాలామంది రెంటినీ ఒకటే అనుకుని భయపడతారు. సైకాలజిస్టు ఇచ్చేది అసెస్‌మెంట్ రిపోర్టు. అది మీ చేతికిస్తారు. ఏ ప్రభుత్వ జాబితాలోకీ దానంతటది వెళ్ళదు. స్కూలుకు ఇవ్వాలా, మొత్తం ఇవ్వాలా, సిఫారసులున్న చివరి పేజీ మాత్రమే ఇవ్వాలా అన్నది మీ నిర్ణయం. కుటుంబ సంగతులు, ఐక్యూ అంకె ఉన్న పేజీలు స్కూలుకు అక్కర్లేదు. స్కూలుకోసం ఒక పేజీ లేఖ విడిగా రాసివ్వమంటే చాలామంది రాసిస్తారు. పేషెంట్ల వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చెబుతోంది. అమ్మాయి సంబంధం కోసం వచ్చినవాళ్ళు ఈ రిపోర్టు చూసే దారి, మీ ఇంట్లోవాళ్ళు చెబితే తప్ప, లేదు. ఒత్తులు తప్పు రాసే తమ్ముడున్నాడని వెనక్కిపోయే సంబంధం గురించి అమ్మాయి అభిప్రాయం ఏమిటో కూడా ఒకసారి అడగండి. ఇంజనీరింగ్ చదువుతున్న పిల్ల, తమ్ముడి విషయంలో మీ అందరికంటే స్పష్టంగా మాట్లాడవచ్చు.

రెండో కాగితం వైకల్య ధ్రువపత్రం. అది మీరు దరఖాస్తు పెట్టి, ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో మళ్ళీ పరీక్ష చేయించుకుంటేనే వస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, అభ్యసన వైకల్యం, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకోవడం కష్టమవడం, వాటిలో ఒకటి. ఇలాంటి పిల్లలకు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు లాంటి మార్పులు చేయాలని ఆ చట్టం చెబుతుంది. 2018లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదేళ్ళు నిండాకే ఈ పత్రం ఇస్తారు, 14 ఏళ్ళప్పుడు, 18 ఏళ్ళప్పుడు మళ్ళీ చూస్తారు. 2024లో వాటిని సవరించారు కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున అప్పటి నిబంధనలు అడగండి. సీబీఎస్ఈలో మూడు గంటల పేపరుకు ఒక గంట అదనంగా ఇస్తారు. రాష్ట్ర బోర్డు పదో తరగతికి ఏ రాయితీలున్నాయి, ఏ పత్రాలు ఎప్పటిలోగా పెట్టాలి అన్నది హెడ్‌మాస్టరు ద్వారా ముందే కనుక్కోవాలి. పదో తరగతిలో పరుగెడితే ఆలస్యం అవుతుంది. ఈ పత్రం కావాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చక్కర్లేదు. రిపోర్టు వచ్చాక, పదో తరగతికి మూడేళ్ళ ముందు, తీరిగ్గా ఆలోచించవచ్చు.

ఎక్కడికి వెళ్ళాలంటే, మీకు దగ్గరలో గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) మానసిక వైద్య విభాగం ఉంది. ఖర్చు తక్కువ, రద్దీ ఎక్కువ, రెండు మూడుసార్లు తిరగాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ప్రధానంగా మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం పెట్టినదైనా అంచనా, ప్రత్యేక బోధన రెంటిలో అనుభవమున్న చోటు. దూరం ఆలోచించుకోవాలి. ప్రైవేటులో అయితే క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అనుకోకండి, అసలైనవాళ్ళు సంతోషంగా చెబుతారు, రిపోర్టు మీద కూడా వేస్తారు. కౌన్సెలింగ్ డిప్లొమా ఉన్నవారు మంచివారే కావచ్చు గానీ ఈ పరీక్షలు పెట్టి నిర్ధారణ చేయడం వాళ్ళ పని కాదు. ఫీజు మొత్తం ఎంత, రిపోర్టు వివరించే సిట్టింగు అందులోనే ఉందా అని ముందే తేల్చుకోండి.

పరీక్ష చేయించకుండా ఆగడం కూడా ఒక దారే, దాని ఫలితమూ చెప్పాలి. ఇంకో ట్యూషన్ పెడతారు. అదే పాఠం అదే పద్ధతిలో ఇంకో గంట చెబుతారు. వాడి రోజులో ఆడుకునే గంట పోతుంది. కొందరు పిల్లలు ఎలాగో గట్టెక్కుతారు, మీ వారిలా తర్వాత జీవితంలో నిలదొక్కుకుంటారు కూడా. అది నిజం, కాదనను. కానీ మీవాడికి ఇప్పటికే కడుపునొప్పి మొదలైంది. ఆ దారిలో వెళితే వాడి మీద ఎంత భారం పడుతుందో దాన్ని చూసి లెక్కేయండి. ఇంకో మధ్య మార్గం, పరీక్ష వాయిదా వేసి సాయం వెంటనే మొదలుపెట్టడం. నోట్సు టీచరు జిరాక్స్ ఇవ్వడం, ముందు బెంచీలో కూర్చోబెట్టడం, అందరి ముందు గట్టిగా చదవమనకపోవడం, ఇంట్లో హోంవర్కు ముప్పావుగంట దాటితే ఆపి మిగతాది నోటితో చెప్పించడం. వీటికి ఏ రిపోర్టూ అక్కర్లేదు, మీరు పరీక్ష చేయించినా చేయించకపోయినా సోమవారం నుంచే మొదలుపెట్టవచ్చు. కొంత మార్పు వస్తుంది. కారణం మాత్రం తెలియదు.

వాడిని ఒప్పించడం గురించి. ‘ఆటలాడుకుందాం రా’ అని అబద్ధం చెప్పి తీసుకెళ్ళకండి. పన్నెండేళ్ళవాడికి గుమ్మంలోనే తెలిసిపోతుంది, ఆ తర్వాత ఏ ప్రశ్నకూ మనసుపెట్టి జవాబు చెప్పడు, ఫలితం తప్పుగా వస్తుంది. పాస్, ఫెయిల్ ఉండవని, కొన్ని ప్రశ్నలు అందరికీ కష్టంగానే ఉంటాయని, అలసిపోతే ఆపమని చెప్పొచ్చని చెప్పండి. వాడు కూడా ఒక ప్రశ్న రాసుకుని వెళ్ళమనండి. మీరెవ్వరూ లేకుండా సైకాలజిస్టుతో మాట్లాడే సమయం ఇవ్వండి. స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో అప్పుడే బయటపడొచ్చు. ఫలితాలు కూడా వాడికి అర్థమయ్యేలా వాడితోనే చెప్పమని అడగండి. రేపు వాడి జీవితంలో వాడుకోవాల్సింది వాడే కదా.

అభ్యసన వైకల్యం అని తేలితే దానికి మాత్ర లేదు. విడిగా కూర్చోబెట్టి అక్షరాన్ని, శబ్దాన్ని జతచేస్తూ ఓపిగ్గా నేర్పే ప్రత్యేక బోధనే మార్గం, దానికి నెలలు, ఏళ్ళు పడుతుంది. నలభై రోజుల్లో పూర్తిగా పోగొడతాం అనేవాళ్ళకు డబ్బు కట్టకండి. శ్రద్ధకు సంబంధించిన ఇబ్బంది అయితే మందుల అవసరం ఉందో లేదో సైకియాట్రిస్టు చెబుతారు. ఆందోళన అయితే దాని చికిత్స వేరు. ఏమీ లేదని, మీడియం మారడం వల్లేనని తేలినా మీరు చేయించింది వృథా కాదు. ఏ పాఠం దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం అసెస్‌మెంట్ కోసం ఆగొద్దు. వాడు తిండి మానేసినా, నిద్ర పోకపోయినా, ‘నేను లేకపోతే మీకు హాయి’ లాంటి మాట అన్నా, తనను తాను కొట్టుకుంటున్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. రాత్రి పూట ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ. ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ఈ వారం కళ్ళ డాక్టరు, క్లాస్ టీచరు, ఈ రెండు పనులు చూసుకోండి. టీచరుతో మాట్లాడేటప్పుడు ఆ 63, 36 లెక్క ఉన్న పేజీ తీసుకెళ్ళి చూపించండి. రిపోర్టు వచ్చాక అర్థం కాని చోటు ఉంటే, పేరు, స్కూలు పేరు కొట్టేసి ఆ పేజీ వరకే పంపండి, కలిసి చదువుదాం.